పైన గోపాల్‌పూర్, కింద చిలకా

మా ముందుగదిలోకి ఉప్పునీళ్ళ అక్వేరియం వచ్చిన కొత్తలో, ఇంటికొచ్చిన చుట్టాలెవరూ ముందు చేపల్ని చూసేవారు కాదు. ట్యాంకు చుట్టూ వేలాడే వైర్లనీ గొట్టాలనీ చూసేవారు. ఒక పక్క ఫిల్టరు, ఇంకో పక్క బుడగలు కక్కుతూ నురుగుతో మురికి తీసే స్కిమ్మరు, పైన చల్లదనానికి రెండు చిన్న ఫ్యాన్లు. "చేపకి ఒంట్లో బాగోలేదా?" అని మా పెద్దత్త నిజంగానే అడిగింది. నాది మందుల కొట్టు. ఐసీయూలు చూసినవాణ్ణి కాబట్టి ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

మాది బరంపురం. 1936లో ఒడిశా వేరుపడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఇప్పటికీ పెద్దబజారులో నాలుగడుగులు వేస్తే నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయి. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి 16 కిలోమీటర్లు. సముద్రం అంత దగ్గరుంటే ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టడం ఎంతసేపు అనుకున్నాను. నీళ్ళు తేవడం నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. తెచ్చిన నీళ్ళు పాడవకుండా చూసుకోవడం దగ్గరే ఏడాది గడిచిపోయింది.

సంగతేమిటంటే, చేప విసర్జించింది అమోనియా అవుతుంది. దాన్ని ఒకరకం బాక్టీరియా నైట్రైటుగా, ఇంకోరకం నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపని చంపేస్తాయి. మూడోది అంత త్వరగా చంపదు గానీ పోగుపడుతూ ఉంటుంది. సముద్రంలో అయితే దాన్ని తినే నాచు, పాచి బోలెడు. మా ట్యాంకులో తినేవాళ్ళు లేరు. టెస్టు కిట్టులో నైట్రేటు రంగు ఎప్పుడు చూసినా లీటరుకి 50 మిల్లీగ్రాముల దగ్గరే. గాజుకి గోధుమరంగు జిగురు, రాళ్ళ మీద వెంట్రుకల్లాంటి పాచి. వారం వారం నాలుగో వంతు నీళ్ళు మార్చేవాణ్ణి. డబ్బాలు మోసి మోసి నడుం పట్టేసింది. మార్చిన మర్నాటికి కాస్త తగ్గేది, ఆదివారం నాటికి మళ్ళీ అక్కడికే వచ్చేది.

అప్పుడు పట్టుకుంది సంపు పిచ్చి.

మనకి సంపు అంటే నేలలో తవ్వించుకుని కుళాయి నీళ్ళు పట్టుకునే తొట్టి. అక్వేరియం సంపూ దానికి చుట్టమే. ట్యాంకు కింద స్టాండులో ఇంకో గాజు తొట్టి ఉంటుంది. పైట్యాంకులో పొంగిన నీళ్ళు గొట్టంలోంచి కిందికి దిగుతాయి, కింద శుభ్రపడతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. ఫిల్టరు, స్కిమ్మరు, వైర్ల సంసారమంతా కిందికి పోతుంది. ఆ కింది తొట్టిలో ఒక గది కేటాయించి, ఇసుక వేసి, నాచు పెంచి, రాత్రిపూట లైటు పెడితే దాన్ని రెఫ్యూజియం అంటారు. శరణాలయం అనుకోండి. చేపల నోటికి అందకుండా చీమంత రొయ్యజాతి పురుగులు అక్కడ దాక్కుని పిల్లలు పెడతాయి. నాచు నైట్రేటు తిని పెరుగుతుంది. పెరిగినదాన్ని మనం పీకి పారేస్తే దానితోపాటు నైట్రేటూ ఇల్లు దాటుతుంది.

ఇదంతా అమ్మకి చెబితే రెండు నిమిషాలు విని, "అంటే పైన గోపాల్‌పూరు, కింద చిలకా అన్నమాట" అంది. అంతకంటే బాగా నేను ఈరోజుకీ చెప్పలేను. చిలకా సరస్సులో పెరిగే రొయ్యపిల్లలు సముద్రం నుంచి వచ్చేవే. లోతు తక్కువ, నాచు ఎక్కువ, దాక్కునే చోటు ఎక్కువ. అక్కడ పెరిగి మళ్ళీ సముద్రంలోకి పోతాయి. రెంటి మధ్య దారి పూడుకుపోతే రెండిటికీ నష్టం. 2000 సెప్టెంబరులో చిలకాకి సముద్రంలోకి కొత్త ముఖం తవ్వాకే ఉప్పదనం మళ్ళీ పెరిగి, చేపా రొయ్యా కోలుకున్నాయి. ఆ దారి మా ఇంట్లో పీవీసీ గొట్టం. ఆ గొట్టం సంగతే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే నేను తిన్న దెబ్బలన్నీ అక్కడే.

మొదటి దెబ్బ మేడమీద తిన్నాను, అదృష్టం. నా లెక్క చాలా సులువుగా ఉండేది. పైనుంచి ఒక సన్నగొట్టం సైఫనుతో, అంటే గొట్టంలో నిండిన నీళ్ళు వెనకవాటిని తమతో లాక్కుంటూ, నీళ్ళు దింపుతుంది, కింద పంపు అంతే నీళ్ళు ఎక్కిస్తుంది. ట్యాంకు దాకా ఎందుకని మా బావమరిదిని పిలిచి మేడమీద రెండు ప్లాస్టిక్ టబ్బులు పెట్టి చూశాం. ఒకటి గోడమీద, ఒకటి కింద. పంపు వేశాం. పది నిమిషాలకి పై టబ్బు పొంగింది. గొట్టాన్ని కొంచెం లావుది మార్చాం. ఈసారి కింది టబ్బు నిండింది, పైది ఖాళీ. కుళాయి బిగించి సరిచేస్తే పావుగంట బాగా నడిచి, గొట్టంలో గాలిబుడగ చేరి సైఫను తెగింది. పంపు మాత్రం ఎక్కిస్తూనే ఉంది.

"బావా, రెండిటినీ సరిసమానంగా నడిపించడం మనవల్ల అయ్యే పని కాదు. ఎక్కువైందే దిగాలి" అన్నాడు వాడు, తడిసిన ప్యాంటు పిండుకుంటూ.

సంపు సూత్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దిగే నీటిని మనం కొలవకూడదు. ట్యాంకు అంచుకి కాస్త కింద ఒక గట్టు ఉండాలి, పంపు ఎంత ఎక్కిస్తే అంతా ఆ గట్టు దాటి తనంతట తానే కిందికి పడాలి. చెరువుకి కలుజు ఉన్నట్టు. అలా జరగాలంటే గాజుకి కన్నం పెట్టాలి.

ఉన్న ట్యాంకుకి నీళ్ళూ చేపలూ ఉండగా కన్నం పెట్టే ధైర్యం లేక కొత్తది కట్టించాను. నాలుగడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు, 10 మిల్లీమీటర్ల గాజు. గాజు కొట్టాయన ఒడియా మనిషి. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం "హెబొ" ఒక్కటే. అంటే అవుతుందని. కన్నం పడుతుందా అంటే హెబొ. పగలదు కదా అంటే హెబొ. పగిలింది. తప్పు ఆయనది కాదు, తొందర నాది. డైమండ్ బిట్టుతో గాజు తొలిచేటప్పుడు నీళ్ళు పోస్తూ, చేతి బరువు తప్ప వేరే బరువు వెయ్యకుండా, నెమ్మదిగా తిప్పాలి. కొట్టు మూసే వేళైందని నేనే పక్కన నిలబడి గడియారం చూస్తూ ఉన్నాను. ఆఖరి మిల్లీమీటరులో టిక్కుమంది. కన్నం నుంచి మూల దాకా సన్నటి గీత. రెండో పలక ఖరీదు నేనే ఇచ్చుకున్నాను. ఈసారి ఆయన కన్నం పడే చోట చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు నిలవబెట్టి, బీడీ తాగినంత తాపీగా తొలిచాడు. టఫెన్డ్ గాజు అయితే ఈ పని అసలు పెట్టుకోకూడదు, బిట్టు తగలగానే గులకరాళ్ళలా రాలిపోతుంది.

కన్నంలో బిగించే ముక్క కోసం ఊరంతా తిరిగాను. అక్వేరియం కొట్లలో దాని పేరు చెబితే చెన్నై నుంచి తెప్పించాలన్నారు. చివరికి మా ప్లంబరు చూసి నవ్వాడు. "సార్, ఇది సింటెక్స్ ట్యాంకుకి పెట్టే నిపుల్. పక్క వీధిలో దొరుకుతుంది." నిజమే. మేడమీద నీళ్ళ ట్యాంకుకి వాడే అంగుళం ట్యాంక్ నిపుల్, రెండువైపులా రబ్బరు వాషరు. నాలుగేళ్ళయింది, ఒక్క చుక్క కారలేదు.

సంపు మాత్రం నేనే కట్టాను. 36 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 16 ఎత్తు, 6 మిల్లీమీటర్ల గాజు. ముక్కలు కోయించి తెచ్చి వరండాలో అతికించాను. సిలికాన్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త చూసుకోవాలి. బాత్రూముల కోసం అమ్మేవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. బూజుని చంపేది నాచునీ పురుగుల్నీ వదలదు. మామూలు అక్వేరియం సిలికానే వాడాలి. అది ఆరేటప్పుడు వెనిగర్ వాసన ఇల్లంతా. "ఏ పచ్చడి పెడుతున్నావురా?" అని అమ్మ. వారం ఆరనిచ్చాను. లోపలి అడ్డుగోడలకి అక్రిలిక్ చవకని కొందరు చెప్పారు, నేను వినలేదు. సిలికాన్ గాజుని పట్టుకున్నంత గట్టిగా అక్రిలిక్‌ని పట్టుకోదు.

లోపల మూడు గదులు. గొట్టం దిగేది మొదటి గది, స్కిమ్మరు అక్కడే. నడుమ 14 అంగుళాల నాచు గది. చివర 9 అంగుళాల పంపు గది. నాచు గదికీ పంపు గదికీ మధ్య అంగుళం ఎడంతో మూడు గాజు పలకలు. మొదటిది నేల నుంచి 10 అంగుళాల దాకా, రెండోది నేలకి అంగుళం పైన తేల్చి, మూడోది మళ్ళీ నేల నుంచి. నీళ్ళు ఒకదాని మీంచి, ఇంకోదాని కిందనుంచి, మళ్ళీ మీంచి పోతాయి. ఆ మెలికలో గాలిబుడగలు పైకి తేలి విడిపోతాయి. లేకపోతే అవన్నీ పంపులోంచి పైట్యాంకులోకి వచ్చి, సోడా సీసాలో చేపలున్నట్టు ఉంటుంది.

అంతా అయ్యాక సంపుని స్టాండులోకి తోద్దామంటే తలుపు దగ్గర ఇరుక్కుంది. స్టాండు లోపలి కొలత చూసుకున్నాను గానీ తలుపు కొలత చూసుకోలేదు. పక్క పలక ఊడదీసి, నలుగురం పట్టుకుని అడ్డంగా దూర్చాం. ఇక దాన్ని బయటికి తియ్యాలంటే ఇల్లు మారే రోజే.

ఇక గొట్టాలు. పైట్యాంకు మూలలో, దువ్వెనలా పళ్ళు కోసిన పలకతో చిన్న గూడు కట్టాను. పళ్ళలోంచి నీళ్ళు గూట్లోకి దూకుతాయి, గూటి అడుగున నిపుల్, దానిమీద నిలువు గొట్టం. మొదటిరోజు ఆ చప్పుడుకి ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. ఎవరో ఆగకుండా పుక్కిలిస్తున్నట్టు. నిలువు గొట్టం పైన ఇంగ్లీషు టీ అక్షరంలాంటి ముక్క బిగించి, పక్కకి వంపు తిప్పి, టీ నెత్తిన మూత పెట్టి, మూతకి గాలి పీల్చే చిన్న కన్నం చేస్తే తగ్గింది. కన్నం ఎంత ఉండాలన్నది చెప్పేవాడు లేడు. ఇంజెక్షన్ సూదితో మొదలుపెట్టి, ఒక్కో సైజూ పెంచుకుంటూ పోయాను. ఆ విషయంలో మందుల కొట్టు కలిసొచ్చింది.

తిరుగు గొట్టం మీద మా ప్లంబరు ఇత్తడి వాల్వు పెట్టేశాడు, గట్టిగా ఉంటుందని. రెండో రోజు చూసి పీకించాను. ఉప్పునీళ్ళలో ఇత్తడి నుంచి రాగి దిగుతుంది. రాగి చేపకి మందుగానైనా పనికొస్తుంది గానీ రొయ్యకీ నత్తకీ విషం. రెఫ్యూజియం కట్టుకునేదే ఆ చిన్న ప్రాణుల కోసం. వాటి మధ్యలోకి రాగి తేవడమా? ఇప్పుడంతా పీవీసీయే. గొట్టం బిగించే స్టీలు క్లిప్పులు కూడా తీసేశాను, రెండు నెలల్లో తుప్పు కారడం మొదలుపెట్టాయి.

నాచు గదిలోకి ఇసుక గోపాల్‌పూర్ నుంచే తెద్దామనుకున్నా. మూట కట్టుకుని తెచ్చా కూడా. ఆరబెడితే మధ్యమధ్య నల్లచారలు. పాత హార్డ్‌డిస్క్‌లోంచి తీసిన అయస్కాంతం పైన తిప్పితే నల్లరేణువులు గడ్డంలా వేలాడాయి. అప్పుడు గుర్తొచ్చింది, పక్కన ఛత్రపురంలో ఖనిజాల కంపెనీ ఐఆర్‌ఈఎల్ వాళ్ళు ఇదే ఒడ్డు ఇసుకలోంచి కదూ ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, మోనజైటు తీసేది. గనిని తీసుకెళ్ళి చేపల కింద పరుస్తానా. మూట పెరట్లో గులాబీ కుండీలకి పోయింది. సంపులోకి సున్నపు జాతి సన్న ఇసుక కొన్నాను, నాలుగు అంగుళాల మందాన వేశాను. అడుగున గాలి అందని పొరలో ఉండే బాక్టీరియా నైట్రేటుని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి. పై పొరని కెలకడం మానేస్తే చాలు, వాటిపని అవే చూసుకుంటాయి.

రాళ్ళ దగ్గర ఇంకో బేరం వచ్చింది. ఒకాయన చాటుగా "లైవ్ రాక్ ఉంది, పగడం ముక్కలు కూడా" అన్నాడు. లైవ్ రాక్ అంటే చిన్న ప్రాణులతో సహా సముద్రంలోంచి తీసిన రాయి. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టంలో 2001 నుంచి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానం. చచ్చిన పగడమైనా అంతే. చేపల సరదాకి కోర్టు మెట్లెక్కే ఓపిక నాకు లేదు. ఆల్చిప్పల నుగ్గు, తెల్ల సిమెంటు, రాళ్ళుప్పు కలిపి ముద్దలు చేసుకున్నాను. నీళ్ళలో పడేస్తే ఉప్పు కరిగి, రాయి నిండా కన్నాలు మిగులుతాయి. సిమెంటు క్షారం దిగిపోయేదాకా ఆరువారాలు, నీళ్ళు మారుస్తూ మారుస్తూ పెరట్లో నానబెట్టాను.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. "సముద్రానికి పోవడమెందుకు, హుమ్మా ఉప్పు కొని నీళ్ళలో కలుపు" అని సలహా ఇచ్చినవాళ్ళు కనీసం ఐదుగురు. హుమ్మా ఉప్పు మా జిల్లాకి పేరు తెచ్చిన ఉప్పే, 1930లో సత్యాగ్రహం కూడా జరిగిన చోటు. కానీ మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియం చాలావరకు మిగిలిన చేదునీళ్ళలోనే ఉండిపోతుంది. కూరకి కావలసింది ఆ ఉప్పు. చేపకి కావలసింది మొత్తం సముద్రం. గోపాల్‌పూర్ నుంచే తెస్తాను, అలలు దాటి లోపలికి పోయి పడవలో నింపుకొచ్చే తెలుగు జాలరి ఒకాయన ఉన్నాడు. సెప్టెంబరులో ఒకసారి అడిగితే, "ఇప్పుడొద్దు బాబూ, ఏరునీళ్ళు కలిసిపోయాయి. దీపావళి దాటనీ" అన్నాడు. వినకుండా తెచ్చి కొలిచాను. సాంద్రత 1.018. మామూలుగా 1.025 ఉండాలి. ఆయన నాలుక నా రిఫ్రాక్టోమీటరు కంటే ముందే చెప్పింది. ఇప్పుడు వేసవిలోనే పది డబ్బాలు నింపి చీకటి గదిలో పెట్టుకుంటాను.

నాచు విశాఖ నుంచి వచ్చింది. కీటోమార్ఫా అంటారు, చూడ్డానికి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచులా ఉంటుంది. అక్కడ ఒక అక్వేరియం మిత్రుడు పిడికెడు ఇస్తే, మా పిన్నికొడుకు తడిపిన న్యూస్‌పేపరులో చుట్టి రైల్లో తెచ్చాడు. విప్పుతుంటే అందులోంచి బియ్యపుగింజ సైజు జీవాలు టపటపా గెంతాయి. మా ఆవిడ పేపరు అక్కడే వదిలేసి పరుగెత్తింది. నాకు మాత్రం కట్నం వచ్చినంత సంతోషం. నేను కోరుకున్న అద్దెకుండేవాళ్ళు వాళ్ళే.

కాలెర్పా అనే ద్రాక్షగుత్తుల నాచు ఇంకా త్వరగా పెరుగుతుందన్నారు. అది ఒక్కోసారి ఉన్నట్టుండి బీజాలు వదిలేసి తెల్లగా చచ్చిపోతుంది, తిన్న నైట్రేటంతా ఒక్క రాత్రిలో తిరిగి కక్కేస్తుంది, నీళ్ళు పాలలా అవుతాయి. వద్దనుకున్నాను.

మొదటి రెండు వారాలు కీటో పాలిపోయింది. లైటు విషయంలో తప్పు నాదే, ఇంట్లో ఉన్న పసుపురంగు టేబుల్ ల్యాంపు పెట్టాను. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు పెట్టాక నిలదొక్కుకుంది. టైమరుతో రాత్రి తొమ్మిదికి వెలిగి పొద్దున ఏడింటికి ఆరుతుంది. పైట్యాంకులో చీకటైనప్పుడు కింద పగలు. రాత్రి చేపలు వదిలే కార్బన్ డయాక్సైడుని కింద నాచు పీల్చుకుంటుంది, తెల్లారేసరికి పీహెచ్ పడిపోకుండా ఉంటుంది. నాలుగో నెలకి నైట్రేటు 10కి వచ్చింది. మూడువారాలకోసారి సగం నాచు పీకి గులాబీ కుండీలకే వేస్తాను, ముందు కుళాయి కింద ఉప్పు కడిగి. పీకకపోతే అడుగున నాచు వెలుతురు లేక కుళ్ళి, తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. ఒకసారి బద్ధకించి వదిలేస్తే అడ్డుపలక దాటి పంపు నోట్లో పడింది. ఇప్పుడు ఆ అంచున గోపాల్‌పూర్ జాలరి ఇచ్చిన చిరిగిన వలముక్క కట్టి ఉంది.

ఇంకో విషయం ఎవరూ ముందు చెప్పలేదు. సంపు పెట్టాక ఆవిరయ్యే నీళ్ళ లోటు అంతా ఒక్క పంపు గదిలోనే కనిపిస్తుంది. మిగతా చోట్ల మట్టం గట్టులతో బిగిసి ఉంటుంది కదా. మే నెలలో ఫ్యాన్లు తిరుగుతుంటే రోజుకి ఐదు లీటర్లు పోతాయి. నా పంపు గదిలో అంగుళానికి రెండు లీటర్లే. అంటే రోజుకి రెండున్నర అంగుళాలు పడిపోతుంది, మూడోరోజు పంపు గాలి మింగుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కాబట్టి పోసేది మంచినీళ్ళే పొయ్యాలి. నేను సెలైన్ సెట్టు కట్టాను. పైన ఆర్‌వో నీళ్ళ డబ్బా, కింద సన్నగొట్టం, నడుమ చక్రం. మామూలు సెట్టులో మిల్లీలీటరుకి 20 చుక్కలు. ఐదు లీటర్లు 24 గంటల్లో దిగాలంటే నిమిషానికి 70 చుక్కలు. వానాకాలంలో 30. మా పెద్దత్త మళ్ళీ వచ్చినప్పుడు సెలైన్ చూసి ఈసారి ఏమీ అడగలేదు, నావంక మాత్రం జాలిగా చూసింది.

ఇక ఆ రాత్రి.

కరెంటు పోతే ఏమవుతుందన్నది కట్టేటప్పుడే లెక్క వేశాను. పంపు ఆగగానే తిరుగు గొట్టం తిరగబడి సైఫనవుతుంది. గొట్టం మూతి నీళ్ళలో ఎంత లోతున ఉంటే అంతవరకు పైట్యాంకు నీళ్ళన్నీ కిందికి లాగేస్తుంది. నా గొట్టం మూతి ఐదు అంగుళాల లోతున ఉండేది. అలా అయితే రాళ్ళ వెనక కూడా నీళ్ళు బాగా కదులుతాయి. దానికి విరుగుడుగా, నీటిమట్టానికి అర అంగుళం కింద గొట్టానికి చిన్న కన్నం చేశాను. మట్టం ఆ కన్నం దాకా దిగగానే గాలి దూరి సైఫను తెగుతుంది. అది చాలదని ప్లంబరు ఎన్‌ఆర్‌వీ కూడా బిగించాడు, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు. కొత్తలో పదిసార్లు స్విచ్ కట్టి చూశాం. సంపులో రెండు అంగుళాలు పెరిగి ఆగేది. మా బావమరిది ఎదుట కాలరెగరేసుకున్నాను.

ఏడు నెలల తర్వాత, ఏప్రిల్లో, కాలబైశాఖి గాలివాన. రాత్రి ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది. ఉక్కకి లేచి మంచినీళ్ళ కోసం ముందుగదిలోకి వచ్చిన మా ఆవిడ, "ఏమండీ, నేలంతా నీళ్ళు" అని కేకపెట్టింది. టార్చి వేస్తే సంపు అంచు మీంచి నీళ్ళు నిదానంగా, చప్పుడు లేకుండా జారుతున్నాయి. పైట్యాంకు ఐదు అంగుళాలు ఖాళీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేలమీద, నీళ్ళలో.

ముందు మెయిన్ కట్టేశాను. కరెంటు లేదు కదా అని అందులో చెయ్యి పెట్టలేదు, వచ్చే ముందు అది చెప్పి రాదు. తర్వాత మెత్తలు, దుప్పట్లు, అమ్మ పాత చీరలు అన్నీ నేలమీదికే.

తెల్లారాక లెక్క కట్టాను. పైట్యాంకులో అంగుళానికి 13 లీటర్లు, ఐదు అంగుళాలంటే 65. గూట్లోవీ గొట్టాల్లోవీ ఇంకో ఐదు. మొత్తం 70 లీటర్లు దిగాయి. సంపులో ఖాళీ 50కే ఉంది. మిగతా 20 లీటర్ల గోపాల్‌పూర్ మా ముందుగదిలో. అక్కడ ప్లైవుడ్ అలమర కాలు ఉబ్బి ఇప్పటికీ తలుపు పడదు.

కన్నం ఏమైంది? మూసుకుపోయింది. లైటు పడే చోట, అర అంగుళం నీళ్ళ కింద, ఏడు నెలలు. నాచు దాన్ని ఆకుపచ్చ బిరడాలా పూడ్చేసింది, నా కంటికి ఆనలేదు. ఎన్‌ఆర్‌వీ విప్పితే రెక్క కింద గింజంత చిప్పముక్క. పూర్తిగా మూసుకోకుండా ఆపింది అదే. కాపలాదారులిద్దరూ ఒకే రాత్రి నిద్రపోయారు. ఆ ఏడు నెలల్లో ఒక్కసారైనా స్విచ్ కట్టి చూశానా అంటే లేదు. మధ్యలో కరెంటు పోలేదా అంటే పోయింది, ఐదేసి పదేసి నిమిషాలు. అప్పుడు మట్టం ఎంత పెరుగుతోందో చూసినవాడెవడు? కన్నం కొద్దికొద్దిగా పూడుతున్నప్పుడు మట్టం కూడా కొద్దికొద్దిగా ఎక్కే ఉంటుంది.

చేపలు బతికాయి. క్లౌన్ చేప ఒకటి మాత్రం రెండురోజులు రాయి వెనకనుంచి రాలేదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఉంది కాబట్టి పైట్యాంకులో గాలికి లోటు రాలేదు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ జ్ఞాపకంతో ట్యాంకు కంటే ముందు ఆ గాలిపంపే కొన్నాను. చేసిన తెలివైన పని అదొక్కటేనేమో.

తర్వాత చేసిన మార్పులు పెద్దవేమీ కావు. ఎన్‌ఆర్‌వీ తీసేశాను, ఉందన్న ధీమా తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. గొట్టం మూతిని అంగుళం లోతుకి ఎత్తేశాను. ఇప్పుడు కన్నం పూర్తిగా మూసుకున్నా దిగేది 13 లీటర్లు, గూడూ గొట్టాలూ కలిపి 18. సంపుకి అది లెక్కే కాదు. రాళ్ళ వెనక నీళ్ళు కదలడానికి వేరే చిన్న పంపు లోపలే పెట్టాను. కన్నాలు రెండు చేశాను, ఒకటో తారీఖున కొట్టు అద్దె కట్టిన రోజే సూదితో పొడుస్తాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు గోడకెక్కింది. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక జానెడు వేలాడి మళ్ళీ పైకి పోతుంది, వైరు పట్టుకుని జారిన చుక్క ఆ వంపులోంచే రాలిపోవాలి. లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాను, కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే కట్టేసే స్విచ్చు. సంపు గాజు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీశాను. కరెంటు పోతే నీళ్ళు అక్కడిదాకా రావచ్చు, దాటకూడదు.

ఆ గీత సంగతి ఇప్పుడు నాకంటే అమ్మకే ఎక్కువ పట్టింది. కరెంటు పోగానే కొవ్వొత్తి వెతకదు. చేతికర్ర, టార్చి పట్టుకుని స్టాండు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కొట్లో ఉన్న నాకు ఫోను చేస్తుంది. "చిలకా పెరుగుతోందిరా." కాసేపాగి, "ఆగింది. గీతకి ఇంకా వేలెడు ఉంది. వచ్చేటప్పుడు అగ్గిపెట్టె తే."